బురుజు లోపల గదులు లేవు

బాన్సువాడ వెళ్లొచ్చానంటే అందరూ అడిగేది ఒకటే, అక్కడ చూడ్డానికి ఏముందని. నిజాంసాగర్ కాలువలున్నాయి, చెరకు తోటలున్నాయి, మంచి టీ దొరుకుతుంది అని చెప్పి తప్పించుకుంటున్నాను. అసలు సంగతి చెప్పాలంటే మనిషిని కూచోబెట్టి చెప్పాలి. వినేవాళ్లకు అంత ఓపిక ఉండదు కాబట్టి రాస్తున్నాను. నేను వెళ్లింది చూడ్డానికి కాదు, కొలవడానికి. కొలిచి, వీపు పగలకుండా తిరిగొచ్చాను. అది మటుకు నా గొప్ప కాదు.

ముందు నా ఉద్యోగం చెప్పాలి. హైదరాబాదులో వీడియో గేములు తయారుచేసే చిన్న కంపెనీ మాది. రెండు వేల మూడులో ఈ మాట చెబితే పెళ్లివారు కూడా మరో సంబంధం చూసుకుంటున్నారు. కంప్యూటర్ తెర మీద కత్తి పట్టిన వీరుడు పరిగెత్తాలి, దూకాలి, అడ్డొచ్చినవాణ్ణి నరకాలి. వాడు ఎక్కడ పరిగెత్తాలో, ఏ గోడ దూకాలో, శత్రువు ఏ మూలన నక్కి ఉండాలో గీసేవాణ్ణి నేను. మా వీరుడు పాతకాలపు తెలంగాణ బురుజులో పోరాడాలని రెండేళ్ల క్రితం పట్టుబట్టి ఒప్పించింది కూడా నేనే. మా బురుజుకు మూడంతస్తులు, పదకొండు గదులు. అట్టడుగున గోడ పగలగొడితే బంగారం.

మా యజమాని మూర్తి గారు ఆ మంగళవారం దాన్ని చూసి, బురుజు బురుజులా లేదయ్యా, పాలడబ్బాలా ఉంది అన్నారు. ఆట కొనేవాళ్లు సోమవారం మధ్యాహ్నం వస్తున్నారు. సోమవారం పొద్దునకి బురుజు తనకు నచ్చకపోతే ఇంగ్లండు కోట పెట్టేస్తామన్నారు. ఆ కోట బొమ్మలు తయారుగా అమ్ముతున్నారట. నా రెండేళ్ల పని చెత్తబుట్టకు పోవడానికి ఆరు రోజులున్నాయి. నాకు ఒళ్లు మండిపోయింది. నువ్వు అసలు ఎప్పుడైనా బురుజు ఎక్కావా అని ఆయన అడిగితే ఇంకా మండింది, ఎందుకంటే ఎక్కలేదు. తెనాలివాణ్ణి, మా వైపు బురుజులెక్కడివి? రెండేళ్లూ ఫొటోలు చూసి గీశాను.

బాన్సువాడ: గురువారం

బస్సు దిగేసరికి మధ్యాహ్నం దాటింది. జూన్ మొదటి వారం. వాన ఎప్పుడు పడుతుందా అని ఊరంతా ఆకాశం వైపు ఒక కన్ను వేసి ఉంచింది. లాడ్జిలో గది డెబ్భై రూపాయలు, మొదటి బకెట్టు నీళ్లు ఉచితం, రెండోది మూడు రూపాయలు. బస్టాండు ముందు టీ రెండు రూపాయలు. సగం కప్పే పోస్తారు గాని ఆ సగమే చాలు, నిద్ర వదులుతుంది. పక్కబెంచీ మీద ఇద్దరు మరాఠీలో బస్సును తిడుతున్నారు. భాష రాకపోయినా తిట్టడం అర్థమవుతుంది.

హోటల్లో జొన్నరొట్టె, పుంటికూర అని పిలిచే మన గోంగూర, కొరుక్కోవడానికి ఉల్లిగడ్డ. మా తెనాలిలో ముందు విస్తరి వేస్తారు, తర్వాత వడ్డిస్తారు, కడుపు నిండాకే ఏ ఊరు, ఎవరబ్బాయివి అని మొదలుపెడతారు. ఇక్కడ ప్రశ్నలన్నీ ముందు. నాలుగో ప్రశ్నకు గాని మొదటి రొట్టె రాలేదు. రొట్టెలు వేస్తున్న పెద్దాయన ఏం పని మీద వచ్చావని అడిగితే, పాత బురుజులు కొలవాలి, ఎక్కడైనా మంచివి ఉన్నాయా అన్నాను. ఏం దొరుకుతుందని కొలుస్తావు అన్నాడు. ఏదో ఒకటి దొరక్కపోతే సోమవారం నా పని అయిపోయినట్టే అని నవ్వుతూ చెప్పాను.

ఆయన నవ్వలేదు. పెద్ద కొడప్‌గల్ వైపు ఒక ఊరి పేరు చెప్పి, అక్కడ ఒకటి ఉంది, చూసుకో అన్నాడు. తర్వాత అడిగిన రొట్టె రాలేదు. పిండి అయిపోయిందనుకున్నాను. ఆ సాయంత్రమే ఆయన ఎవరికో ఫోన్ చేసి చెప్పాడని మర్నాటికి గాని తెలియలేదు.

పేరు రాయని ఊరు: శుక్రవారం

బిచ్కుందలో బస్సు మారాను. అక్కడ బజారు పొద్దున్నే నిండిపోయింది. విత్తనాల సంచులు, కొత్త తాళ్లు, గడ్డపారలు. తండాల నుంచి వచ్చిన ఆడవాళ్లు తమలో తాము వాళ్ల భాషలో మాట్లాడుకుంటూ, కొట్టువాడితో తెలుగులో, నాకంటే మంచి తెలుగులో, బేరమాడుతున్నారు. నేను కొన్నది ఇరవై రూపాయల కొలతల టేపు. తెచ్చుకున్నది లాడ్జిలోనే మరచిపోయాను.

ఆ ఊరి పేరు ఇక్కడ రాయను. ఎందుకో కింద చదివితే మీకే తెలుస్తుంది. ఊరి చివర, చెరకు తోటలకు ఎదురుగా బురుజు ఉంది. దాని నీడలో ఒక పెంకుటిల్లు. రాయి, మట్టి కలిపి గుండ్రంగా కట్టిన గోడ. బయటి వైపు గోడను చుట్టుకుంటూ మెట్లు పైకి వెళ్తున్నాయి. కానీ మొదటి మెట్టు నేల మీద లేదు, ఇద్దరు మనుషుల ఎత్తున ఉంది. అక్కడిదాకా ఎక్కడానికి కర్ర నిచ్చెన ఒకటి ఆనించి ఉంది.

నేను వెతికింది తలుపు కోసం. పదకొండు గదులు గీసినవాణ్ణి, లోపలికి దారి ఉండాలి కదా. టేపు పట్టుకుని మూడుసార్లు చుట్టూ తిరిగాను. ఒకచోట అడుగున రాళ్లు కొత్తగా, మట్టి వేరే రంగులో కనిపించింది. ఇదే పాత తలుపు, తర్వాత మూసేశారు అనుకుని సంబరపడ్డాను. రాయి తీసుకుని అక్కడ తట్టి, చెవి ఆనించి విన్నాను. డొల్లగా మోగితే లోపల గది ఉన్నట్టే. తర్వాత ఫొటో తీద్దామంటే నిచ్చెన అడ్డొచ్చింది. అది కనిపిస్తే పాతకాలపు కోటలా ఉండదు, సున్నం వేస్తున్న ఇల్లులా ఉంటుంది. దాన్ని తీసి నేల మీద పడుకోబెట్టాను.

పెంకుటింట్లోంచి ఒక ముసలామె వచ్చింది. చేతిలో నీళ్ల చెంబు ఉంది. నేల మీది నిచ్చెనను చూసి ఆగిపోయింది.

"నిచ్చెన ఎవరు పండబెట్టిండ్రు?" అంది.

నేనే అన్నాను, ఒక్క నిమిషంలో మళ్లీ పెట్టేస్తానన్నాను. ఆమె నా మాట వినిపించుకోలేదు. చెంబు కింద పెట్టి ఒక్కతే నిచ్చెన ఎత్తబోయింది. సాయం చేయబోతే ముట్టకు అంది. ఆ గొంతు విని పక్క పొలంలోంచి, వీధిలోంచి మనుషులు వచ్చారు. పది నిమిషాల్లో ఇరవైమంది అయ్యారు. టేపు పట్టుకుని ఒకడు వస్తున్నాడని బాన్సువాడ హోటల్ పెద్దాయన ముందురోజే ఫోన్ చేశాడట. ఇద్దరు నిచ్చెనను లేపి ఆనించాక గాని ఎవరూ నాతో మాట్లాడలేదు. అంతసేపూ నా భుజానున్న సంచి మీద ఒకరి చెయ్యి ఉంది.

మాట్లాడింది హన్మాండ్లు అనే రైతు. నలభై ఏళ్లుంటాయి, తెల్ల బనీను, మోకాళ్ల దాకా బురద. ముసలామె పేరు సాయవ్వ, అతనికి పెద్దమ్మ అవుతుంది.

"గోడ తట్టి జూస్తున్నవంట. ఏం సప్పుడొచ్చింది?" అన్నాడు.

ఆ ప్రశ్న అంత నెమ్మదిగా అడగకపోతే బాగుండేది. ఆట కోసమని, కంప్యూటర్ అని, కొలతలని నా నోటికొచ్చిన క్రమంలో చెప్పాను. అతను వింటూనే నా సంచి విప్పాడు. కెమెరా, టేపు, సీడీ, మడతపెట్టిన కాగితం. కాగితం విప్పి పదిమందికీ కనిపించేలా పట్టుకున్నాడు. అది మా ఆటలోని బురుజు పటం. నాకు అన్నీ తెలుగులో రాసుకునే అలవాటు. గుండ్రటి బురుజు, గదులు, దారులు, అట్టడుగున ఎర్రసిరాతో ఒక గుర్తు, దాని పక్కన గుండ్రటి అక్షరాలతో 'నిధి'. ఇంకో నాలుగు చోట్ల 'కాపలావాళ్లు, చంపాలి'.

చదవడం వచ్చిన ఒకాయన గట్టిగా చదివి అందరికీ వినిపించాడు.

మూడేళ్ల క్రితం కూడా ఇలాగే ఎవరో వచ్చారట, టేపు పట్టుకుని, సర్వే అని చెప్పి. వారం తిరక్కుండా బురుజు అడుగున మనిషి పట్టేంత గొయ్యి పడింది, లంకెబిందెల కోసం. ఆ ఏటి వానలకు ఆ పక్క గోడ జారి సాయవ్వ కొట్టం మీద పడింది. రెండు బర్రెలు పోయాయి. అప్పటినుంచి ఏటేటా ఆ గొయ్యిలో రాళ్లూ మట్టీ కూరుతూనే ఉన్నారు. నేను పాత తలుపు అనుకుని తట్టింది ఆ గొయ్యినే.

కొందరు ఠాణాకు అన్నారు. కొందరు ఠాణా ఎందుకు, ఇక్కడే అన్నారు. హన్మాండ్లు సీడీని ఎండలో అటూ ఇటూ తిప్పి చూసి, ఇందులో ఆట ఉందన్నావు కదా, ఆడి చూపించు అన్నాడు. బాన్సువాడలో కంప్యూటర్ నేర్పే సెంటర్ ఉందట.

"నిజంగ ఆటే అయితే నీ సంచి నీకిస్త. కాకపోతే ఠాణాల ఇస్త. మంచిదేనా?"

మంచిదే అన్నాను. సంచి లేకుండా తిరిగి వెళ్లడమంటే సోమవారం ఇంగ్లండు కోటకు దారి ఇవ్వడమే.

ట్రాక్టర్ మీద

ట్రాక్టర్ వెనక ట్రాలీలో తొమ్మిదిమందిమి. సాయవ్వ కూడా ఎక్కింది, ఎవరు వద్దన్నా దిగలేదు. మర్యాదకు లోటు లేదు. నాకు నీడ వచ్చే పక్క చోటిచ్చారు, బీడీ ఇచ్చారు, సర్వపిండి ముక్క పెట్టారు. దొంగ అనుకున్నవాడికి కూడా తినిపించి తీసుకెళ్లే ఊరు అది. నువ్వులు, పచ్చిమిర్చి వేసిన ఆ పిండిరొట్టె మరో రోజయితే ఇంకో రెండు అడిగేవాణ్ణి. ఆ రోజు మింగుడు పడలేదు.

ఎందుకంటే సగం దారిలో నాకు గుర్తొచ్చింది. ఆట చూపిస్తే బయటపడతాను అనుకుంటున్నాను, సరే. ఆటలో ఏముంది? వీరుడు బురుజులోకి దూరతాడు. కాపలావాళ్లను చంపుతాడు. అడుగు గోడ పగలగొడతాడు. బంగారం తీసుకుంటాడు. నేను నిర్దోషినని చూపడానికి తీసుకెళ్తున్న సాక్ష్యం వాళ్ల అనుమానాన్ని రంగుల్లో, చప్పుడుతో సహా చూపిస్తుంది.

మిగతా దారంతా ఒకటే ఆలోచన. కీబోర్డు నా చేతిలో ఉంటే చాలు. వీరుణ్ణి పైకి తీసుకెళ్తాను, పైకప్పు మీద ఇద్దరితో కత్తియుద్ధం చేయిస్తాను, కరెంటు పోయేదాకా అక్కడే తిప్పుతాను. మూడింటికి కరెంటు పోతుందని ట్రాలీలో ఎవరో అన్నారు. ఆ మాట దేవుడి మాటలా వినిపించింది.

కంప్యూటర్ సెంటర్

రెండు గదులు, నాలుగు కంప్యూటర్లు, గోడకు టైపింగ్ పాఠాలు. గంటకు పదిహేను రూపాయలు. నేర్పే అమ్మాయి పేరు సంధ్య. ఊరు ఊరంతా లోపలికి రావడం చూసి కాస్త బెదిరింది గాని, చెప్పులు బయట విడవండి అనడం మానలేదు. అందరూ విడిచారు. సాయవ్వ ఒక్కతే కుర్చీలో కూర్చుంది. గడియారం రెండూ ఇరవై చూపిస్తోంది.

సీడీ తిరగడానికి పావుగంట పట్టింది. ఆ కంప్యూటర్ మా ఆటకు చాలదు. బొమ్మలు నత్తనడక నడిచాయి. చివరికి బురుజు కనిపించింది. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు వంగారు. నేను కుర్చీ లాక్కుని కూర్చోబోయాను.

"నువ్వు గాదు. గామె ఆడుతది," అన్నాడు హన్మాండ్లు.

సంధ్యకు ఏ మీట ఏం చేస్తుందో చెప్పాను, పైకి వెళ్లమ్మా, పైన బాగుంటుంది అని రెండుసార్లు చెప్పాను. ఆమె నా మాట వినలేదు. నిజానికి మేమే ఆటను అలా చేశాం. ఆడేవాళ్లు కిందికే వెళ్లేలా దివిటీలు పెట్టాం, గోడ మీద పగుళ్లు వేశాం. నా పనితనం మీద నాకే అసహ్యం వేసిన రోజు అది. ఆమె ఇద్దరు కాపలావాళ్లను నరికింది, మూడో మలుపు తిరిగింది, పగుళ్లున్న గోడ ముందు ఆగింది. ఇది పగులుతుందనుకుంటా అంది. నాలుగు దెబ్బల్లో పగిలింది. గది నిండా బంగారం మెరిసింది. పాట కూడా వచ్చింది.

ముందుకు వంగినవాళ్లంతా వెనక్కి జరిగి హన్మాండ్లు వైపు చూశారు.

హన్మాండ్లు కోప్పడి ఉంటే నాకు తేలికగా ఉండేది. అతను నాతో, ఇది ఆటే, నువ్వు చెప్పింది నిజమే అన్నాడు. తర్వాత అసలు మాట అన్నాడు.

"మొన్న వచ్చినోళ్లు నలుగురు. గిది ఎంతమంది ఆడుతరు?"

వేలమంది ఆడాలని మా ఆశ అన్నాను. అబద్ధం చెప్పే స్థితిలో లేను.

"అంటే ఎవరి ఊళ్లె బురుజుంటే ఆ ఊళ్లె గడ్డపార వడుతది."

చుట్టూ ఉన్నవాళ్లలో ఒకడు సీడీ విరిచెయ్యమన్నాడు. హన్మాండ్లు నా వైపు చూసి, హైదరాబాదులో ఇంకోటి ఉంటుంది కదా అని అడిగాడు. ఉంటుందన్నాను. మరి విరిచి ఏం లాభం అన్నాడు. ఆ మాటతో నేను పూర్తిగా ఓడిపోయాను. తప్పు చేసింది టేపు పట్టుకుని కాదు, రెండేళ్లుగా కుర్చీలో కూర్చుని అని అప్పుడు తెలిసింది.

అంతవరకు సాయవ్వ తెర వైపే చూస్తోంది. ఆమెకు బంగారం పట్టలేదు.

"లోపల గదులేంది కొడుకా?" అంది. "బురుజు లోపల మన్నే. నిండ మన్నే. మనుషులు లోపలుండరు, మీదుంటరు."

పైన కొట్లాడేవారా అని అడిగాను.

"మీద ఏం కొట్లాట? రాళ్లిసురుతరు, అంతే. కొట్లాటంతా నిచ్చెన కాడనే."

అప్పుడే కరెంటు పోయింది. తెర నల్లబడింది, ఫ్యాను ఆగింది. తలుపులోంచి వచ్చే వెలుతురులో ఆమె చెప్పడం మొదలుపెట్టింది. ఏ కాలమో, ఎవరి దండో ఆమెకు తెలియదు. పైన ఒకరు కాపలా. దూరాన దుమ్ము లేస్తే డప్పు కొడతారు. చేలల్లో ఉన్నవాళ్లంతా పరిగెత్తుకొచ్చి నిచ్చెన ఎక్కి మెట్ల మీదికి చేరతారు. అందరూ ఎక్కాక నిచ్చెన పైకి గుంజేస్తారు. ఇక దండుకు గోడ ఎక్కే దారి ఉండదు. పైన నీళ్ల కుండలుంటే రెండు రోజులు నిలబడవచ్చు. అందరూ ఎక్కేదాకా దండు ఆగితే ఏ బాధా లేదు. దండు ఆగదు.

"మా ఇంటాయన ముత్తాత ఆ దినం నిచ్చెన కాడున్నడు. దండు దగ్గరికొచ్చింది. మీద అరవైమంది. గుంజిండు. చెరుకుల నుంచి ఆయన చెల్లె ఉరుకొస్తుంది. పన్నెండేండ్ల పోరి."

హన్మాండ్లు నేల వైపు చూస్తున్నాడు. ఆయన అతని తండ్రికి కూడా ముత్తాతే.

అప్పటినుంచి ఆ ఇంట్లో నిచ్చెన తీయరు. వానకు తడిసినా, ఎండకు ఎండినా గోడకు ఆని ఉండాల్సిందే. పుచ్చిపోతే కొత్తది ఆనించాకే పాతది తీస్తారు. నేను దాన్ని ఫొటోకు అడ్డమని పడుకోబెట్టాను. ఆమెను క్షమించమన్నాను. అది సరిపోదని నాకూ తెలుసు.

మిరుగు: శనివారం

సంచి కోసం ఆ సాయంత్రం నేనూ ట్రాక్టర్ మీద వాళ్లతోనే ఊరికి తిరిగి వెళ్లి, హన్మాండ్లు ఇంట్లో పడుకున్నాను. మర్నాడు మిరుగు. మా తెనాలి వైపు మృగశిర కార్తె అంటే పంచాంగంలో ఒక మాట, రైతులకు తప్ప ఎవరికీ పట్టదు. ఇక్కడ అది పండుగంత పని. పొద్దున్నే ఇంగువ, బెల్లం కలిపి ఉండచేసి చేతిలో పెడతారు, ఒంటికి మంచిదని. నాలుక మీద పెట్టుకోగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. హన్మాండ్లు భార్య నవ్వింది. ఆ ఊళ్లో నన్ను చూసి ఎవరైనా నవ్వడం అదే మొదలు. మధ్యాహ్నానికి నిజాంసాగర్ చేపలు వచ్చాయి, చింతచిగురు వేసి పులుసు పెట్టారు. ఆ పులుసు కోసం మళ్లీ వెళ్లవచ్చు, ఈసారి టేపు లేకుండా.

నా సంచి ఇంకా హన్మాండ్లు దగ్గరే ఉంది. ఇస్తాననీ అనలేదు, ఇవ్వననీ అనలేదు.

మిరుగు నాడు ఆ ఇంటివాళ్లు నిచ్చెనకు కొత్త తాడు కట్టి, తలా ఒక బిందె నీళ్లు పైకి మోసి, పైనున్న కుండలు నింపుతారు. నిన్న పడుకోబెట్టింది నేనే కాబట్టి మొదటి బిందె నన్నే మోయమంది సాయవ్వ. భుజాన బిందెతో కర్ర నిచ్చెన ఎక్కడం ఎలాంటిదో రెండేళ్లు ఆటలు గీసినవాడికి తెలియదు. మా వీరుడు రెండు గెంతుల్లో ఎక్కేస్తాడు. నేను ప్రతి మెట్టు మీదా ఆగి, ఖాళీ చేత్తో నిచ్చెనను గట్టిగా పట్టుకున్నాను. సగం నీళ్లు చొక్కా మీదే పోశాను. కింద ఎవరూ తొందరపెట్టలేదు.

పైనుంచి చెరకు తోటల అంచు కనిపించింది. అక్కడినుంచి ఒక ఆడమనిషి గడ్డిమోపుతో ఇటే నడిచి వస్తోంది. ఏమీ అనుకోకుండానే లెక్కపెట్టాను. ఆమె నిచ్చెన దాకా వచ్చేసరికి రెండు వందల నలభై. పరిగెత్తితే వంద. నిచ్చెన గుంజడానికి ఎంత పడుతుందని హన్మాండ్లును అడిగాను. ఇద్దరు మనుషులైతే పది అంకెలు లెక్కపెట్టేంత అన్నాడు. వంద, పది. ఆ రెండు అంకెల మధ్య నిలబడ్డవాడి చేతులు ఏమై ఉంటాయో అని నా చేతులు చూసుకున్నాను. మేం రెండేళ్లు గీసిన పదకొండు గదుల్లో ఎక్కడా ఇంత భయం లేదు.

దిగాక హన్మాండ్లు సంచి తెచ్చి ఇచ్చాడు. కెమెరా, టేపు, సీడీ, పటం, అన్నీ ఉన్నాయి. పటంలో ఎర్ర గుర్తు మీద పెన్సిల్‌తో అడ్డంగా గీత గీసి ఉంది.

"ఊరి పేరు రాయకు సార్," అన్నాడు. "రాసినా బంగారమున్నదని రాయకు."

మాట ఇచ్చాను. బంగారం తీసేస్తే ఆటలో గెలిచినవాడికి ఏమిస్తాం? గదులు తీసేస్తే వీరుడు ఎక్కడ పరిగెత్తుతాడు? మూర్తి గారికి ఏం చూపించాలి? చేతిలో ఉన్న సమయం ఒక్క ఆదివారం.

హైదరాబాద్: సోమవారం

ఆదివారం పొద్దున ఆరింటికే మా ప్రోగ్రామర్ ఇంటికి వెళ్లి తలుపు కొట్టాను. విషయం చెబితే నా నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు. తర్వాత వాడే కుర్చీ జరుపుకున్నాడు. పదకొండు గదులూ చెరిపేశాం. బురుజు లోపల మన్ను నింపాం, అంటే ఏమీ లేకుండా మూసేశాం. వీరుడి చేతిలోంచి కత్తి తీసేశాం. పైన కాపలా, కింద నిచ్చెన, చేలల్లో ఇరవైమంది జనం, దూరంగా దుమ్ము. మీటలు మూడే. ఒకటి డప్పు కొట్టడానికి, ఒకటి కిందికి దిగి ముసలివాళ్లకు చెయ్యి అందించడానికి, ఒకటి నిచ్చెన గుంజడానికి. చివరి మనిషిగా ఒక పిల్లను పెట్టాం. ఆమెకు పరిగెత్తడం ఒక్కటే నేర్పగలిగాం, అంతలో సోమవారం వచ్చేసింది.

మూర్తి గారు తొమ్మిదింటికి వచ్చారు. టేబుల్ మీద ఇంగ్లండు కోట కాగితాలు సంతకానికి సిద్ధంగా పెట్టుకున్నారు. మొదటి మాటే బంగారం ఏదని. లేదన్నాను. గదులేవి అన్నారు. లేవన్నాను. ఎందుకు తీశావని అడగకుండా కోట కాగితాలు దగ్గరికి లాక్కున్నారు. ఒక్కసారి ఆడి చూడండి, పది నిమిషాలు, తర్వాత మీ ఇష్టం అన్నాను. నా గొంతు నాకే బతిమాలినట్టు వినిపించింది, బతిమాలాను కూడా.

మొదటిసారి ఆయన నిచ్చెన గుంజనేలేదు. అందరూ వస్తారులే అని ఎదురుచూశారు. దండు జనంతోపాటు ఎక్కింది, ఆట అయిపోయింది. ఇదేం ఆటయ్యా అని మళ్లీ మొదలుపెట్టారు. రెండోసారి తొందరపడి గుంజారు, తొమ్మిదిమంది కింద ఉండిపోయారు. మూడోసారి డప్పు ముందే కొట్టారు, ముసలివాళ్లకు చెయ్యి అందించారు, అంకెలు నోటితో లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఇంగ్లండు కోట కాగితాలు మోచెయ్యి తగిలి కింద పడ్డాయి. ఆయన చూడలేదు.

నాలుగోసారి పంతొమ్మిదిమంది పైకి చేరారు. దండు నిచ్చెనకు ఇరవై అడుగుల్లో ఉంది. చెరకు తోటలోంచి పిల్ల పరిగెత్తుకొస్తోంది. ఆయన వేలు మీట మీద ఉంది. ఆయన నొక్కారు. నిచ్చెన పైకి లేచింది. దండు గోడ కింద ఆగిపోయింది. గెలిచారు.

గెలిచాక ఏం కావాలో మేం ఇంకా రాయలేదు. పాట లేదు. ఆ పిల్ల గోడ దాకా వచ్చి, ఇంకే కదలికా నేర్పలేదు కాబట్టి, ఊరికే నిలబడి పైకి చూస్తోంది.

"మళ్లీ దించాలంటే ఏది నొక్కాలి?" అన్నారు మూర్తి గారు.

దానికి మీట లేదు సార్ అన్నాను. ఆయన నా మాట విన్నారో లేదో తెలియదు. కీబోర్డు మీద ఉన్న మీటలన్నీ ఒకదాని తర్వాత ఒకటి నొక్కుతూనే ఉన్నారు.